మార్బుల్ కట్టర్‌కి వుడ్ బ్లేడు పెట్టి ప్లైవుడ్ కోయొచ్చా? (బెంగళూరు, ఫ్లాటు బాల్కనీలో)

కొత్తచెయ్యి | హొరమావు | శనివారం ఉదయం 9:40

అందరికీ నమస్తే. మాది మదనపల్లె, తొమ్మిదేళ్ళుగా బెంగళూరులోనే. పుస్తకాల రాక్ ఒకటి చేయించుకుందామని కార్పెంటర్‌ని అడిగితే ఆయన చెప్పిన రేటుకి రాక్‌తో పాటు పుస్తకాలు కూడా వస్తాయి. అందుకే నేనే చేద్దామని 18 ఎం.ఎం. ప్లై షీటు, ఎనిమిది బై నాలుగుది, తెప్పించి పెట్టా. ఎస్‌జేపీ రోడ్డు పనిముట్ల బజారుకి వెళ్ళి సర్కులర్ సా (చెక్క కోసే చక్రపు రంపం) కావాలంటే షాపాయన 4 అంగుళాల మార్బుల్ కట్టరు (రాయి, టైల్స్ కోసే చేతి మెషీను), 40 పళ్ళ వుడ్ బ్లేడు చేతిలో పెట్టి "అందరూ ఇదే వాడతారు సార్, మీకు పెద్దది ఎందుకు" అన్నాడు. ఇంటికొచ్చి ఊరికే ఆన్ చేసి చూస్తే ఆ అరుపుకే గుండె జారిపోయింది.

నా ప్లాన్ ఏంటంటే, షీటుని రెండు చివర్లా రెండు స్టూళ్ళ మీద ఆనించి మధ్యలో అడ్డంగా కోస్తా, మా తమ్ముడు అవతలి వైపు పట్టుకుంటాడు. గ్లవ్స్ కొన్నా, కళ్ళజోడు ఎలాగూ ఉంది. ఇంకేమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

రంపపుపొట్టు | బన్నేరుఘట్ట రోడ్డు | శనివారం 10:05

ఆగండి ఆగండి. ముందు ఆ ప్లగ్ పీకి పక్కన పెట్టండి.

మీరు భయపడాల్సింది అరుపుకి కాదు, ఆ రెండు స్టూళ్ళకి. షీటు బరువు 30 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. రెండు చివర్లా ఆనించి మధ్యలో కోస్తూ పోతే సగం దాటాక ఆ బరువుకి రెండు ముక్కలూ మధ్యలో కిందికి కుంగుతాయి, కోసిన చీలిక పైభాగం మూసుకుపోయి బ్లేడుని రెండు పక్కల నుంచీ నొక్కేస్తుంది. బ్లేడు ముందు పళ్ళు చెక్కని పైకి లాగుతూ తిరుగుతాయి కదా, అంటే కిందున్న పళ్ళు ముందుకు పోతుంటాయి. అలా తిరిగే చక్రాన్ని చెక్క గట్టిగా పట్టుకుంటే ఏమవుతుంది? ఇసుకలో ఇరుక్కుని ఊరికే తిరుగుతున్న బండి చక్రానికి ఉన్నట్టుండి పట్టు దొరికితే బండి ఎలా దూకుతుందో చూసే ఉంటారు. ఇక్కడా అంతే, కాకపోతే దూకేది మన మీదికి. మెషీన్ చీలికలోంచి లేచి, తిరుగుతున్న బ్లేడుతో సహా వెనక్కి వస్తుంది. కిక్‌బ్యాక్ అనేది దీన్నే. అది జరిగేది రెప్పపాటులో, చెయ్యి తీసేద్దాంలే అనుకునే టైము కూడా ఉండదు.

ఇంక తమ్ముడు. అతను అవతలి ముక్కని పట్టుకుని, పడిపోతుందేమోనని కొంచెం పైకి ఎత్తుతాడు చూడండి, అది ఇంకా ఘోరం. మనవాళ్ళు సాయం చేయబోయి చీలికని మూసేస్తారు. తమ్ముణ్ణి టీ పెట్టమనండి.

మేస్త్రీకొడుకు | కె.ఆర్.పురం | శనివారం 10:31

ఊరికే భయపెట్టకండి అన్నా. మా నాన్న వడ్రంగి, పలమనేరు నుంచి వచ్చి ఇక్కడ 30 ఏళ్ళుగా పని చేస్తున్నారు. ఈ ఊళ్ళో ఏ ఇంటీరియర్ సైటుకైనా వెళ్ళి చూడండి, రాజస్థాన్ వాళ్ళు గానీ మనవాళ్ళు గానీ అందరి చేతిలో ఉండేది ఈ నాలుగంగుళాల కట్టరే. చేతికి తేలిక, సన్నగా కోస్తుంది, ధర తక్కువ. షాపాయన అబద్ధం చెప్పలేదు. నేలమీద కూర్చుని కాలితో షీటు తొక్కిపెట్టి గీత మీద గీత కోస్తారు మావాళ్ళు.

చెక్కపిచ్చి | జయనగర | శనివారం 11:15

మేస్త్రీకొడుకూ, అందరూ వాడతారన్నది నిజమే తమ్ముడూ. 30 ఏళ్ళ చెయ్యి ఉన్నవాళ్ళు వాడటం వేరు, నిన్న కొన్న మనిషి వాడటం వేరు.

మెషీన్‌నే చూడండి. మార్బుల్ కట్టర్‌కి పైన సగం మూతే ఉంటుంది, కింద గార్డు ఉండదు. సర్కులర్ సాకి కింద స్ప్రింగ్ గార్డు ఉంటుంది, కోస్తున్నప్పుడు వెనక్కి జరుగుతుంది, చెక్కలోంచి బయటికి రాగానే టప్పుమని మూసుకుంటుంది. రాయి కోసే డైమండ్ బ్లేడుకి పళ్ళుండవు, అరగదీస్తుంది అంతే, కాబట్టి ఆ మెషీన్‌కి కింద మూత లేకపోయినా ఏదో నడిచిపోతుంది. దానికే 40 పళ్ళ బ్లేడు బిగిస్తే కథ మారిపోతుంది. పళ్ళు దేన్నైనా పట్టుకుంటాయి.

స్పీడు కూడా లెక్కేసి చూశా ఒకసారి. కట్టరు నిమిషానికి 13,000 చుట్లు తిరుగుతుంది, బ్లేడు 110 ఎం.ఎం., అంటే పంటి అంచు వేగం గంటకి సుమారు 270 కిలోమీటర్లు. ఏడుంపావు అంగుళాల సర్కులర్ సా, 185 ఎం.ఎం. బ్లేడు, 5,000 చుట్ల దగ్గర, 175 కిలోమీటర్లు. చిన్నది కదా మెత్తగా ఉంటుందిలే అనుకుంటాం, నిజానికి చిన్నదే ఎక్కువ వేగం. పైగా కట్టరు బేస్ ప్లేటు, అంటే చెక్క మీద ఆనే అడుగు రేకు, అరచేయంత, అది తన్నితే ఆపుకోవడానికి చేతికి పట్టే దొరకదు.

తీసుకున్న బ్లేడు మీద, నిమిషానికి ఎన్ని చుట్ల దాకా తట్టుకుంటుందో చెప్పే గరిష్ఠ ఆర్‌పీఎం రాసి ఉంటుంది, అది మెషీన్ మీద రాసినదానికంటే తక్కువైతే అసలు బిగించకూడదు. ఇదే బ్లేడుని ఇనుము కోసే, అరగదీసే యాంగిల్ గ్రైండర్‌కి పెట్టేవాళ్ళని కూడా చూశా. వాళ్ళ గురించి మాట్లాడదలచుకోలేదు.

నైట్‌డ్యూటీ | మారతహళ్ళి | శనివారం 11:40

ఎవరూ చెప్పని విషయం ఒకటి. చాలా మార్బుల్ కట్టర్లకి స్విచ్ నొక్కి పక్కన బటన్‌తో లాక్ చేసే ఏర్పాటు ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన సగం కోస్తుండగా కరెంటు పోయింది. మెషీన్ ఆగిపోయింది కదా అని చెక్క మీద అలాగే వదిలేసి బ్లేడు మీద పడ్డ పొట్టు వేలితో తుడవబోయాడు. లాక్ వేసే ఉంది. జనరేటర్ పదిహేను సెకన్లలో అందుకుంటుంది మా దగ్గర. అదృష్టం బాగుండి చెయ్యి అప్పుడే వెనక్కి తీశాడు, మెషీన్ మాత్రం బాల్కనీ అంతా గంతులేసి గ్రిల్‌కి తగిలి ఆగింది. మన ఊళ్ళో కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి కరెంటు పోతే మొదట స్విచ్ వదలాలి, లాక్ తీయాలి, తర్వాత ప్లగ్ పీకాలి. ఆ తర్వాతే బ్లేడు దగ్గరికి చెయ్యి.

కొత్తచెయ్యి | శనివారం మధ్యాహ్నం 12:20

టీ పెట్టమన్నా తమ్ముణ్ణి 😀

మేస్త్రీకొడుకు గారూ, మీ నాన్నగారికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా? తప్పుగా అనుకోకండి, తెలుసుకుందామని.

మేస్త్రీకొడుకు | శనివారం 1:05

అడిగారు కాబట్టి చెప్తా. ఎడమచెయ్యి చూపుడువేలు పై కణుపు లేదు. అది కట్టర్‌తో పోలేదు. మీరందరూ మంచిదంటున్న పెద్ద సర్కులర్ సాతోనే పోయింది.

ఒక సైటులో పని తొందర. కింద గార్డు ప్రతిసారీ ముక్క అంచుకి తట్టుకుని అడ్డం వస్తోందని చిన్న చెక్కముక్క దూర్చి దాన్ని పైకే ఆపేశారు. మా మేస్త్రీలలో ఇది మామూలే, కొందరైతే తీగతో కట్టేస్తారు. కోత అయిపోయింది, స్విచ్ వదిలేశారు, ముక్క కింద పడి అంచు విరుగుతుందని ఎడమచెయ్యి కిందికి పోనిచ్చి పట్టుకోబోయారు. స్విచ్ వదిలాక బ్లేడు ఇంకా మూడు నాలుగు సెకన్లు తిరుగుతూనే ఉంటుంది కదా. గార్డు మూసుకుని ఉంటే వేలికి గార్డు తగిలేది, అంతే. ఆ రోజు నుంచీ మెషీన్ తెరవగానే గార్డుని వేలితో వెనక్కి లాగి వదిలి, గట్టిగా మూసుకుంటోందా లేదా చూడకుండా ఆయన పని మొదలుపెట్టరు. పొట్టు, ప్లైలోని జిగురు చేరి అది బద్ధకంగా తిరుగుతుంటే బ్రష్‌తో తుడిచి మళ్ళీ చూస్తారు.

కట్టర్ మాత్రం ఇప్పటికీ వాడతారు, అది వేరే సంగతి.

రంపపుపొట్టు | శనివారం 1:22

చెప్పినందుకు థ్యాంక్స్ తమ్ముడూ. ఇలాంటివి ఎవరూ చెప్పరు.

కొత్తచెయ్యి | ఆదివారం రాత్రి 8:10

అప్‌డేట్. మళ్ళీ ఎస్‌జేపీ రోడ్డుకి పోయా. వాడలేదు కాబట్టి కాసేపు గొణిగి కట్టరు తీసుకుని, పైన డబ్బులిస్తే 185 ఎం.ఎం. సర్కులర్ సా ఇచ్చాడు. 1,200 వాట్లు. దాంతో వచ్చిన బ్లేడు 24 పళ్ళది, ప్లైకి 40 పళ్ళది విడిగా కొన్నా. ఇప్పుడు ఎక్కడ ఆనించాలి, ఎలా మొదలుపెట్టాలి, అఆల నుంచి చెప్పండి.

రంపపుపొట్టు | ఆదివారం 9:30

ఫ్లాటులో ఉండేవాళ్ళకి టేబుళ్ళకంటే నేలే మేలు. రెండు అంగుళాల మందం థర్మోకోల్ షీట్లు నాలుగైదు కొని నేలంతా పరిచి దాని మీద ప్లై పడుకోబెట్టండి. షీటు మొత్తానికి కింద ఆనిక ఉంటుంది, కాబట్టి కుంగడం, మూసుకోవడం ఉండదు, కోత అయ్యాక ముక్క ఎక్కడికీ పడదు, దాన్ని పట్టుకోవడానికి ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు. బ్లేడు థర్మోకోల్‌లోకి కొంచెం దిగితే దిగనివ్వండి.

బ్లేడు లోతు: ప్లగ్ పీకి, మెషీన్‌ని షీటు అంచున ఆనించి, బ్లేడు చెక్క కిందికి ఒక పంటి ఎత్తు మాత్రమే వచ్చేలా దించి బిగించండి. 18 ఎం.ఎం. ప్లైకి 22, 23 సరిపోతుంది. చాలామంది పూర్తిగా దించేసి కోస్తారు, అప్పుడు కింద దాదాపు రెండంగుళాల బ్లేడు కనపడకుండా తిరుగుతుంటుంది, చెక్క పట్టుకోవడానికి కూడా అంత బ్లేడూ దొరుకుతుంది.

నేరుగా రావడానికి చేతిని నమ్ముకోవద్దు. రెండు బై ఒకటి అంగుళాల అల్యూమినియం సెక్షన్ (పలకల గొట్టం) ఒకటి కొని రెండు చివర్లా సి-క్లాంపులతో (మర తిప్పి బిగించే పట్లు) బిగించి మెషీన్ బేస్ ప్లేటుని దానికి ఆనించి తోయండి. బ్లేడు పంటి నుంచి ప్లేటు అంచుదాకా ఎంత దూరమో ముందే కొలిచి పెట్టుకోండి, గీత నుంచి అంత దూరంలో సెక్షన్ బిగించాలి. నేను మొదటిసారి ఆ కొలత మర్చిపోయి నాలుగంగుళాలు పొట్టి తలుపు చేశా, ఇప్పటికీ మా ఆవిడ దాన్ని బొమ్మరిల్లు తలుపు అంటుంది. ఈ సెక్షన్ గైడు ఎందుకు చెప్తున్నానంటే నేరుగా రావడానికే కాదు, సగంలో గీత తప్పి మెషీన్‌ని పక్కకి మెలితిప్పి సరిచేయబోతాం చూడండి, అప్పుడు బ్లేడు చీలికలో అడ్డం తిరిగి తన్నేస్తుంది.

ప్లేటు వెడల్పు భాగం, మోటారు బరువు మన దగ్గర ఉండే పెద్ద ముక్క మీద ఉండాలి, విడిపోయే చిన్న ముక్క మీద కాదు. రెండు చేతులూ మెషీన్ మీదే. మన ఒంటిని కోసే గీతకి ఎదురుగా కాకుండా పక్కకి పెట్టుకోండి, అది తన్నినా పక్కనుంచి పోవాలి. బ్లేడు చెక్కకి తగలకుండా ఆన్ చేసి, పూర్తి వేగం అందుకున్నాకే లోపలికి తోయాలి. తోయడం అంటే బలంగా కాదు. శబ్దం బొంగురు పోతే మీరు తొందరపడుతున్నట్టు. ఇరుక్కుంటే స్విచ్ వదిలేసి, బ్లేడు పూర్తిగా ఆగేదాకా మెషీన్‌ని అక్కడే కదలకుండా పట్టుకోండి. తిరుగుతుండగా వెనక్కి లాగారో, కోరి తన్నించుకున్నట్టే.

మంచి ముఖం కిందికి పెట్టండి. సర్కులర్ సా కింద నుంచి పైకి కోస్తుంది కాబట్టి పెచ్చులు పైన లేస్తాయి. గీత మీద మాస్కింగ్ టేపు వేస్తే ఇంకా తగ్గుతాయి.

నైట్‌డ్యూటీ | ఆదివారం 9:52

ఎక్స్‌టెన్షన్ బాక్సు గురించి కూడా. ఫోన్ చార్జర్‌కి వాడే సన్న వైరు బాక్సు వద్దు. 1.5 స్క్వేర్ ఎం.ఎం. మందం వైరుది తీసుకుని చుట్ట పూర్తిగా విప్పి, ఏసీ ప్లగ్‌లాంటి 16 ఆంపియర్ల పాయింట్‌కి పెట్టండి. చుట్ట మీదే నడిపితే వేడెక్కుతుంది. వైరుని భుజం మీదుగా వెనక్కి వేసుకుంటే బ్లేడు దారిలోకి రాదు. ఇంటి మెయిన్‌లో కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా లేదా ఒకసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి, వైరు కోసుకున్నా అదే కాపాడుతుంది.

ఎడంచేతివాటం | వైట్‌ఫీల్డ్ | ఆదివారం 10:15

నాదొక డౌటు. నేను ఎడంచేత్తో పట్టుకుంటే పొట్టు అంతా మొహం మీదికే వస్తోంది, బ్లేడు కనపడదు, ఒంగి తొంగి చూడాల్సి వస్తోంది. అందరికీ ఇంతేనా?

చెక్కపిచ్చి | ఆదివారం 10:28

వైరుతో వచ్చే వాటిలో ఎక్కువ భాగం బ్లేడు మోటారుకి కుడివైపున ఉంటుంది. బ్యాటరీ వాటిలో ఎడమవైపు బ్లేడువి చాలా దొరుకుతాయి, షాపులో చేత్తో పట్టుకుని చూసి కొనండి. ఉన్నదాంతోనే అంటే, గైడు బిగించేస్తే బ్లేడుని చూడాల్సిన పనే లేదు, ప్లేటు సెక్షన్‌కి ఆని ఉందా లేదా అన్నదే చూడాలి. తొంగి చూడటం మాత్రం మానేయండి, మొహం తీసుకెళ్ళి తన్నే దారిలో పెట్టినట్టు అవుతుంది.

కొత్తచెయ్యి గారూ, ఆ గ్లవ్స్ పక్కన పెట్టేయండి. బ్లేడుకి గ్లవ్ అడ్డుకాదు, గుడ్డ చివర పంటికి చిక్కితే చేతిని కూడా లాక్కుపోతుంది. బ్లేడు మార్చేటప్పుడు వేసుకోండి, అప్పుడు పనికొస్తాయి.

మేస్త్రీకొడుకు | ఆదివారం 10:40

గ్లవ్స్ లేకపోతే పెచ్చులు గుచ్చుకుంటాయి అక్కా. షీటు మొయ్యడానికైనా కావాలి.

చెక్కపిచ్చి | ఆదివారం 10:44

మొయ్యడానికి వేసుకో, కోసేటప్పుడు తియ్. లుంగీ, వేలాడే ఐడీ కార్డు తాడు, నాలాంటి వాళ్ళకి చున్నీ, విప్పిన జుట్టు, ఇవన్నీ కూడా అదే లెక్క. నేను చున్నీ తీసి తలుపు గొళ్ళేనికి తగిలించి, జడ ముడేసుకున్నాకే ప్లగ్ పెడతా.

ఇంకొకటి, పవర్ కళ్ళజోడు సేఫ్టీ గ్లాసెస్ కాదు. పక్కల నుంచి పెచ్చు దూరుతుంది. కళ్ళజోడు పైనుంచి పెట్టుకునేవి దొరుకుతాయి. చెవులకి ఇయర్ మఫ్స్. పొట్టు సంగతి జనం అసలు పట్టించుకోరు. చెక్కపొడి క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1995 లోనే మొదటి వర్గంలో పెట్టింది, ముఖ్యంగా ముక్కు లోపలి క్యాన్సర్. ప్లైలో జిగురు కూడా కలుస్తుంది. ఎన్95 పెట్టుకోండి, బాల్కనీ తలుపు మూసి, ఆరేసిన బట్టలు లోపలికి తీయండి. మీవి కాదు, కింది ఫ్లాటు వాళ్ళవి.

పాతసామాను | మల్లేశ్వరం | సోమవారం ఉదయం 7:15

మధ్యలో ఒక పిట్టకథ. అమెరికాలో 1920ల్లో ఎడ్మండ్ మిషెల్ అనే ఆయన చెరకుని చేతికత్తితో నరుకుతున్న కూలీలని చూసి, ఆ కత్తికే మోటారు పెడితే ఎలా ఉంటుందని మొదలుపెట్టి, చివరికి చేత్తో పట్టుకునే చక్రపు రంపం దాకా వచ్చాడట. దాంతోనే స్కిల్ అనే కంపెనీ పుట్టింది, 1937 లో వాళ్ళ మోడల్ 77 వచ్చింది, అక్కడి వడ్రంగులు ఇప్పటికీ ఏ కంపెనీదైనా స్కిల్‌సా అనే పిలుస్తారు. మనం ఏ పిండి అయినా మైదా అన్నట్టు. చెరకు కోసేది మనమూ చూశాం, బెల్లమే వండుకున్నాం.

రంపపుపొట్టు | సోమవారం 7:40

పిండి సామెత కుదరలేదు సార్ 😀 కానీ కథ బాగుంది.

డ్యూటీనర్సు | బెళ్ళందూరు | సోమవారం మధ్యాహ్నం 3:00

ఎమర్జెన్సీ వార్డులో పని చేస్తా కాబట్టి ఈ ఒక్కటి రాసి పోతా. వేలు తెగిందంటే మొదట శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టి చెయ్యి పైకెత్తి ఉంచండి. పసుపు, కాఫీ పొడి, టూత్‌పేస్ట్ ఏదీ పెట్టొద్దు, తర్వాత అవి కడగడానికే మాకు టైము పోతుంది. తెగిపోయిన ముక్కని పారేయొద్దు, నేరుగా ఐస్‌లో కూడా వెయ్యొద్దు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్‌ని ఐస్ ఉన్న ఇంకో కవర్లో పెట్టి తీసుకురండి. ఐస్ నేరుగా తగిలితే కణాలు చచ్చిపోతాయి, అతికించడానికి ఏమీ మిగలదు. 108 కి ఫోన్ చేసేటప్పుడే వేలు తెగిందని చెప్పండి, చేతి సర్జరీ ఉన్న ఆసుపత్రికే నేరుగా పోవాలి, ట్రాఫిక్‌లో రెండు ఆసుపత్రులు తిరిగితే సాయంత్రమవుతుంది. ఒంటరిగా కోయొద్దు, ఇంట్లో ఇంకొకరు ఉండాలి. టీ పెట్టే తమ్ముడైనా సరే.

కొత్తచెయ్యి | తర్వాతి శనివారం సాయంత్రం 6:30

రాక్ నిలబడింది! ముందు ఒప్పుకోవాల్సింది ఒకటి ఉంది. పొడవు కోతలు రెండూ ప్లై షాపులోనే పెద్ద మెషీన్ మీద కోయించుకున్నా. మా ఏరియా షాపులో కోతకింత అని తీసుకుంటారు. ఇంటికి మిగిలినవి ఏడు అడ్డకోతలే.

మొదటి కోత బాగానే వచ్చింది. రెండో దానికి సగంలో మోటారు బొంగురుపోయి మెషీన్ చేతిలో ఒక్క జెర్కు ఇచ్చింది. ఒళ్ళు చల్లబడిపోయింది. రంపపుపొట్టు అన్న చెప్పినట్టు స్విచ్ వదిలి, ఆగేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డా. ప్లగ్ పీకి చూస్తే సంగతి తెలిసింది. థర్మోకోల్ ముక్కల మధ్య ఒకచోట ఖాళీ వదిలేశా, సరిగ్గా గీత కిందే షీటు దాంట్లోకి కుంగింది. ముక్క సర్ది, బ్లేడుని చీలికలో చెక్కకి తగలకుండా పెట్టి మళ్ళీ మొదలుపెడితే వెన్నలా పోయింది. ఇదే ఆ రెండు స్టూళ్ళ మీద అయ్యుంటే అన్న ఆలోచన రాత్రి పడుకున్నాక వచ్చింది.

అసోసియేషన్ వాళ్ళు ఒక నోటీసు పంపారు, శబ్దం పనులు పది నుంచి ఐదు లోపే, ఆదివారం అసలు వద్దని. పక్క ఫ్లాటు ఆంటీ మాత్రం రాక్ చూసి వాళ్ళింట్లో పాత టేకు తలుపు ఒకటి ఉందట, వచ్చే వారం దాన్ని కోసి వంటింట్లోకి అరలు చేసిపెట్టమంటోంది. సరే అనేశా.

మేస్త్రీకొడుకు | శనివారం 6:41

పాత తలుపా? ముందు అయస్కాంతం పట్టుకుని ఇంచు ఇంచు వెతకండి అన్నా, లోపల విరిగిన మేకులు ఉంటాయి. దొరికినవి పీకి, పీకలేనివి గీతకి దూరంగా ఉండేలా కొలత మార్చుకోండి. 40 పళ్ళ బ్లేడు దానికి పెట్టొద్దు, మేకు తగిలితే ఏ బ్లేడుకైనా పళ్ళు ఊడి ఎగరొచ్చు, మెషీన్‌తో వచ్చిన ఆ 24 పళ్ళదే పెట్టండి. వచ్చే శనివారం నాన్న ఖాళీనే, కావాలంటే తీసుకొస్తా, కట్టరు ఇంట్లో వదిలేసి.